మెకంజీ దొర – జావా దీవి



నేటి నా ప్రసంగము సముద్రము నడుమనున్న యొక దీవిని గూర్చినది. దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పెద్దలకు సముద్రము సంగతి యెందులకని మీరడుగవచ్చును. మన కనుచూపు మేరలోనున్నవి నల్లరేగడి చేలు, గుండ్లు పేర్చినట్లున్న కొండలు, వానలు కురిసినప్పుడు పొంగి పారు హంద్రీనది. అల యెట్లుండునో చూడకయే మన పూర్వులనేకులు జీవితము గడపిరి. అయినను 1811వ సంవత్సరమున, ఇచ్చటికి రెండువేల మైళ్ళకు పైబడిన దూరమున, జావా దీవిపైకి ఇంగ్లీషు కుంపిణీ సైన్యము ఓడలలో పోయినప్పుడు, ఏ తావున దిగినచో మేలగునో తీరమంతయు చూచి చెప్పినవాడు మన సీమకు క్రొత్తవాడు కాడు. మన గ్రామముల కరణములయొద్దకు గుమాస్తాలను పంపి ఊళ్ళ చరిత్రలు వ్రాయించిన కాలిన్ మెకంజీ దొరయే ఆయన. అందుచేత ఈ కథలో మనకును కొంత పాలున్నది.

మన్రో దొర పేరు మీరందరు నెరుగుదురు. 1800 సంవత్సరమున హైదరాబాదు నిజాము ఈ సీమను కుంపిణీవారికి వదలి యిచ్చెను. అప్పుడు మన మండలములకు దత్తమండలములని పేరు వచ్చెను. వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు మన్రో. తరువాత ఆయన మద్రాసు గవర్నరై, సంచారమునకు వచ్చి, 1827 జూలై 6వ తేదీన మన పొరుగుననున్న పత్తికొండలో కలరా సోకి చనిపోయెను. మన్రో శిస్తు నిర్ణయించినవాడు గనుక జనులకు జ్ఞాపకముండెను. మెకంజీ శిస్తు అడుగలేదు, సంగతులడిగెను. సంగతులడిగి వ్రాసికొని పోయినవానిని జనులు త్వరగా మరతురు.

మెకంజీ తానును దీవిలో పుట్టినవాడే. స్కాట్లండు దేశమునకు వాయవ్యమున సముద్రములోనున్న లూయిస్ దీవి ఆయన జన్మస్థలము. 1783లో మద్రాసు చేరి ఇంజనీరుగా కొలువు చేసెను. కావేరి రెండు పాయల నడుమ దీవిగానున్న శ్రీరంగపట్టణమును కుంపిణీవారు 1792లోను, 1799లోను ముట్టడించినప్పుడు రెండు మారులును ఆయన అందుండెను. టిప్పు సుల్తాను పడిన పిదప మైసూరు దేశమును కొలిపించి పటములు వ్రాయించెను. 1810లో మద్రాసు రాజధానికి సర్వేయరు జనరలాయెను.

నేలను కొలుచుటతో ఆయన తృప్తి చెందలేదు. ఆ నేలపై నెవరెవరు బ్రతికిరో తెలిసికొనవలెనని కోరెను. ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఈ పనిలో ఆయనకు కుడిభుజముగా నుండిరి. బొర్రయ్య 1803లో చిన్న వయసుననే మరణింపగా లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వీరి చేతిక్రింది గుమాస్తాలు ఊరూర తిరిగి, ఊరెప్పుడు కట్టిరి, చెరువెవరు త్రవ్వించిరి, గుడికేమి మాన్యమున్నది, శాసనమెవరు వేయించిరి, ఏ దండు వచ్చి ఊరిని పాడుచేసెను అని అడిగి వ్రాసికొనిరి. ఈ వ్రాతలకే కైఫియత్తులని పేరు. దత్తమండలములలో ఈ పని జరుగుచున్న కాలముననే మెకంజీ జావా దండయాత్రలో పోయెను. ఆయన అచ్చటనున్న రెండేండ్లును ఇచ్చటి పని నిలువలేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. శత్రువు కోటను పట్టుకొనదలచినవాడు ముందుగా నేమి తెలిసికొనవలెను? ఇది మనకు తెలియని సంగతి కాదు. నేను చిన్ననాడు ఒక వృద్ధునివెంట ఆదోని కోట నెక్కితిని. నేను గోడలను, బురుజులను చూచి ఆశ్చర్యపడుచుండగా ఆయన నన్ను కొండనడుమనున్న చెరువుకడకు తీసికొనిపోయి, “కోట ప్రాణము గోడలో లేదు నాయనా, ఈ నీళ్ళలో నున్నది” అనెను. ఆ మాట నేనెన్నడును మరువలేదు. 1786లో టిప్పు సుల్తాను ఈ కోటను ముట్టడించి, కడకు చేజిక్కించుకొని, దానిని పాడుచేసెను. అట్టి ముట్టడిదారు కొండక్రింద గుడారములు వేసికొని కూర్చుండగలడు. నేడు తెలియనిది రేపు తెలిసికొనగలడు. పని కాకున్నచో వచ్చిన దారినే వెనుకకు పోగలడు.

దీవిమీదికి పోవువానికి ఆ వెసులుబాటు లేదు. వాని వెనుక సముద్రము, ముందు శత్రువు. త్రాగునీరును, తిండియు ఓడలో నెంతయున్నదో అంతయే. గాలి యెదురు తిరిగినచో ఓడ కదలదు. తీరమున నీటిలోతు చాలకున్నచో ఓడ దరికి రాదు. పడవలలో దిగి నడుములోతు నీటిలో నడచి రావలెను. అట్లు నడచువాడు తుపాకి నెత్తిమీద పట్టుకొని యుండును గాని కాల్చలేడు. గట్టుపై నొక్క ఫిరంగి యున్నను చాలును, ఆ పడవలన్నియు వానికి గురియగును. గట్టెక్కిన పిదప అడుసు నేల యున్నచో బండ్లును, ఫిరంగులును దిగబడును. కాబట్టి దిగుటకు ముందే ఓడ యెచ్చట నిలుచును, మనుష్యుడెచ్చట దిగును, నీరెచ్చట దొరకును, బాట యెటు పోవును, శత్రువెచ్చట నెంతమంది నుంచెను అను సంగతులన్నియు తెలిసియుండవలెను.

మన పెద్దలు రాజును చారచక్షువనిరి. రాజు తన కన్నులతో కాక వేగువారి కన్నులతో చూచునని దాని భావము. అయితే వేగు తెచ్చు వార్తలన్నియు నొకటి కావు. కన్న వార్త యొకటి, విన్న వార్త యొకటి, ఊహించిన వార్త యొకటి. ఈ మూటిని వేరుచేయలేనివాడు ఎన్ని వార్తలు కూడబెట్టినను గ్రుడ్డివాడే. జావా కథలో ఈ మూడు విధముల వార్తలును కనబడుచున్నవి.

జావా అప్పుడు డచ్చివారిది. ఐరోపాలో నెపోలియను చక్రవర్తి 1810లో డచ్చిదేశమును తన సామ్రాజ్యములో కలుపుకొనుటచే జావాయును ఫ్రెంచివారి పక్షమైనది. అచ్చటి గవర్నరుగానుండిన డేండెల్స్ దీవి పొడుగునను తూర్పు పడమరలుగా గొప్ప బాట వేయించెను. ఆ వెట్టిచాకిరిలో వేలకొలది జావా పల్లెజనులు మరణించిరి. బటావియా పాతపట్టణము జ్వరములకు పుట్టినిల్లు గనుక ఆయన అచ్చటి పాతకోటను పడగొట్టించి, లోపలి మెరకనేలకు సైన్యమును మార్చెను. 1811లో ఆయన స్థానమున జాన్సెన్స్ అను సేనాని వచ్చెను. ఆ బటావియాయే నేటి జకర్తా.

కలకత్తాలోని గవర్నరు జనరలు మింటో ప్రభువు జావాను పట్టుకొనుటకు నిశ్చయించి, ముందుగా రాఫిల్సు అను ఉద్యోగిని మలక్కా రేవునకు పంపెను. రాఫిల్సు అచ్చట కూర్చుండి మలయా, జావా రాజులకు లేఖలు వ్రాయించెను. వచ్చిపోవు వర్తకులను, నావికులను ప్రశ్నించెను. ఆ కాలమున మలక్కాలో బాలుడుగానుండిన అబ్దుల్లా మున్షీ, పెద్దవాడైన పిదప తన చరిత్రలో రాఫిల్సు కొలువుకూటమును కన్నులకు కట్టినట్లు వర్ణించియున్నాడు. రాఫిల్సు కూడబెట్టినది ముఖ్యముగా విన్న వార్త. వినుట తప్పు కాదు. కాని చెప్పువాడెవడు, వాడెందుకు చెప్పుచున్నాడు అని తూచుకొనవలెను. డచ్చివారిపై కోపముగలవాడు వారి బలమును తగ్గించి చెప్పును. ఇంగ్లీషువారి మెప్పు కోరువాడు వారికింపైన మాటయే చెప్పును.

మొదటి చిక్కు దారివద్దనే వచ్చెను. ఓడలు బయలుదేరవలసిన కాలమున గాలి ఆగ్నేయమునుండి, అనగా వారి మొగమునకెదురుగా వీచును. బోర్నియో దీవికి ఉత్తరముగా చుట్టిపోవు దారి మిక్కిలి దూరము. ఆ దీవికి నైరుతి తీరము వెంబడి పోవు దారి దగ్గర. కాని అందు తిప్పలున్నవని, ఇన్ని ఓడలు పోజాలవని నావికులలో కొందరు భయపడిరి. తీరము దగ్గర రాత్రివేళ నేలమీదినుండి వీచు గాలి సహాయపడునని రాఫిల్సు వాదించెను. ఇరువురి మాటయు విన్న మాటయే. వాదముతో తేలదని గ్రీగ్ అను కప్తానును ఒక చిన్న ఓడతో ముందు పంపి చూచి రమ్మనిరి. అతడు పోయి, లోతు కొలిచి, గాలి చూచి తిరిగివచ్చి దారియున్నదని చెప్పెను. జూన్ మాసమున మలక్కానుండి బయలుదేరిన సుమారు నూరు ఓడలు ఆ దారినే నడచి జూలై తుదకు జావా తీరము చేరెను. విన్నవార్తను కన్నవార్తగా మార్చుకొనుటకు పట్టినది ఒక్క చిన్న ఓడయే.

ఈ దండులో సుమారు పండ్రెండువేలమంది యుండిరి. వారిలో ఇంచుమించు సగము మన దేశపు సిపాయిలు. బంగాళా సైన్యమునుండి సముద్రము దాటుటకు ఇష్టపడి పేరిచ్చినవారితో ప్రత్యేకముగా దళములు కూర్చబడెను. దారి బాగుచేయుటకు, కందకములు త్రవ్వుటకు మద్రాసు పయొనీరు దళమువారు కొందరు పోయిరి. మద్రాసు సేనాధిపతి సర్ శామ్యూల్ ఆక్ముటీ దండునకు నాయకుడు. మింటో ప్రభువు స్వయముగా వెంట వచ్చెను. యుద్ధము మొదలుకాకమునుపే వెయ్యిమందికి పైగా రోగమున పడిరి.

ఇప్పుడు మెకంజీ దొర పని వచ్చినది. దండు తీరము దగ్గరకు వచ్చునప్పటికి ఆయన ముందుగా పోయి జావా ఉత్తరపు గట్టును పరీక్షించెను. ఆ కాలమున ఇట్టి పరీక్ష యెట్లు చేయుదురో చెప్పెదను. త్రాటికి సీసపు గుండు కట్టి నీటిలో విడిచి లోతు కొలుతురు. గుండు అడుగున కొవ్వు పూసియుంతురు గనుక దానికి అంటుకొని వచ్చినది ఇసుకయా, బురదయా అని చూచి అడుగునేల నెరుగుదురు. దుర్భిణితో గట్టును చూచి, చెట్టు, గోపురము, ఏటిమొగ మొదలగు గురుతులను దిక్సూచితో సరిపోల్చి పటమున వేయుదురు. ఆటుపోటుల వేళ గమనింతురు. ఫిరంగి దిబ్బ యున్నదా, పొగ లేచుచున్నదా, మనుష్యులు తిరుగుచున్నారా అని చూతురు. సర్వే గొలుసు పట్టి పొలము కొలుచువాని ఓపికయే ఇచ్చటను కావలెను.

బటావియా రేవు ముంగిలిలో దిగుట శత్రువు ఎదురుచూచు పని. మెకంజీ దృష్టి పట్టణమునకు తూర్పున సుమారు పండ్రెండు మైళ్ళ దూరమునగల చిలిన్చింగ్ అను పల్లెపై పడెను. అది జాలరుల పల్లె. అచ్చట కాపలా లేదు. ఇచ్చట దిగవచ్చునని ఆయన చెప్పెను. ఆగస్టు 4వ తేదీ మధ్యాహ్నము రెండుగంటలకు సైన్యము దిగ మొదలిడెను. ఫ్రెంచి, డచ్చి సైనికులు వచ్చి యెదుర్కొనుటకు ఇంచుమించు ఆరు గంటలు పట్టెను. అప్పటికే సుమారు ఎనిమిదివేలమంది గట్టెక్కియుండిరి. చిన్న కలహముతో ఆ రాత్రి గడచినది. వేగు తప్పి అదే సైన్యము ఫిరంగుల యెదుట దిగియున్నచో ఆ నీటిలో నెందరు మునిగియుందురో మీరే తలపోయుడు. ఆ సిపాయిల తల్లులకు మెకంజీ పేరు తెలియదు. కాని వారి బిడ్డలకు ఆ దినము ప్రాణము నిలిపినది ఆయన చూపు.

ఇక ఊహించిన వార్త సంగతి. జాన్సెన్స్ ఆలోచన యేమి? ఆయన బటావియాను విడిచిపెట్టి సుమారు ఎనిమిది పదివేల సైన్యముతో లోపలనున్న కార్నెలిస్ దుర్గములో చేరెను. ఆగస్టు 8న పట్టణము పోరు లేకుండ లోబడెను. ఇది పిరికితనము కాదు. బటావియా జ్వరము ఇంగ్లీషు సైన్యమును తినివేయునని, తాను గోడల వెనుక ఓర్చుకొనియున్న చాలునని ఆయన లెక్క. ఆ లెక్క తప్పు కూడ కాదు. కాలము గడచినకొలది దిగినవారిలో రోగులు పెరుగుచుండిరి. కాబట్టి ఆక్ముటీకి ఫిరంగులకంటె పంచాంగమే పెద్ద శత్రువాయెను. ఆకలిగొనునంతవరకు కోట చుట్టు కూర్చుండుటకు ఆయనకు వ్యవధి లేదు.

ఆ దుర్గమెట్లున్నదనగా, ఒక ప్రక్క పెద్ద యేరు, ఒక ప్రక్క త్రవ్విన కాలువ. రెండును నడచి దాటరానివి. నడుమ నొక మైలు పొడుగున మట్టికోట. చుట్టును బురుజులు. 280 ఫిరంగులు. ఎదుటినుండి చూచినవానికి ఈ సంఖ్యయే కనబడును, గుండె జారును. ఇంగ్లీషువారు ఆగస్టు 20నుండి దిబ్బలు కట్టి ఫిరంగులు పేల్చిరి. లోపలివారును బదులు పలికిరి. ఎదుటినుండి చొరబడుట దుర్ఘటమని తేలినది.

అప్పుడు శత్రుపక్షమునుండి పారివచ్చిన సైనికుడొకడు ప్రక్కదారి యొకటి చెప్పెను. చుట్టుదారిన పోయినచో కాలువమీది వంతెనకు ప్రక్కగా రావచ్చును. ఆ వంతెన నిలిచియున్నచో కోట లోపలికి త్రోవ దొరకును. ఇది విన్న వార్త. అందును శత్రువు నోటినుండి విన్న వార్త. నమ్మరాదు, నమ్మక గడువదు. ఇట్టి చోట నాయకుడేమి చేయవలెను? వానినే ముందు నడిపించుకొని పోవలెను. గిలెస్పీ అను కర్నలు ఆగస్టు 25 అర్ధరాత్రి తన దండుతో, ఆ సైనికుడు దారి చూపుచుండగా బయలుదేరెను.

తోటల నడుమ, చీకటిలో, సన్నని దారులలో వెనుక సగము దండు తప్పిపోయెను. తెల్లవారుచున్నది. వెనుకవారికొరకు నిలిచినచో పగలగును. పగలైనచో 280 ఫిరంగులు మేలుకొనును. గిలెస్పీ నిలువక ఉన్నవారితోనే ముందుకు దూకి బురుజును, వంతెనను పట్టుకొనెను. తప్పిపోయినవారును చప్పుడునుబట్టి వచ్చి కలిసికొనిరి. 26వ తేదీ ఉదయమునకు కోట పడెను. అయితే ఒక బురుజులో మందుగుండు కొట్టు పేలి, అప్పుడే దానిని పట్టుకొన్నవారును, దానిని కాచుచున్నవారును ఒక్కమారుగా ఎగిరిపోయిరి. ఏ పటములోను ఆ పేలుడు లేదు. ఏ వేగువాడును దానిని చెప్పలేదు. దిగిన నాటినుండి ఆ మరుదినమువరకు ఇంగ్లీషు పక్షమున 150 మందికి పైగా చనిపోయిరి. 780 మందికి పైగా గాయపడిరి. ఎదుటిపక్షమున చచ్చినవారు ఇంకను పెక్కురు. సెప్టెంబరు 18న జాన్సెన్స్ లొంగిపోయెను.

ఈ కథనుండి నేను నేర్చుకొన్నదేమనగా, వేగు మంచిదైనచో గోడ యెచ్చట తక్కువగా నున్నదో చెప్పగలదు. దారి యెటున్నదో చెప్పగలదు. చీకటిలో మనుష్యుడెట్లు తప్పిపోవునో, ఓడినవాని చేతిలోని నిప్పురవ్వ యేమి చేయునో చెప్పలేదు. కాబట్టి “ఇది చూచితిని, ఇది వింటిని, ఇది నేనెరుగను” అని మూడు వరుసలుగా వ్రాసి యిచ్చువాడే నిజమైన వేగువాడు. మూడవ వరుసను దాచిపెట్టువాడు తన పేరు నిలుపుకొనును గాని సైన్యమును చంపును.

మన యూళ్ళలోను ఇది చెల్లును. హంద్రీ యెచ్చట దాటవలెనో పటము చూచి చెప్పలేము. పటములో అదియొక నల్లని గీత. గొఱ్ఱెలకాపరి నడిగినచో, మొన్నటి వానకు ఇచ్చట ఇసుక కదలినది, బండి దిగబడును, ఆ రాతిబండ దగ్గర దాటుడని చెప్పును. వాడు చూచినవాడు. ఎమ్మిగనూరు నేతగాడు పోగును వ్రేళ్ళనడుమ పట్టి చూచిగాని దాని బలము చెప్పడు. వాడును చూచినవాడే. మెకంజీ దొర గొప్పతనము ఇట్టివారి మాటకు విలువ నిచ్చుటలో నున్నది. మన కరణము నడిగినను, జావా తీరపు జాలరిపల్లెను చూచినను, ఆయన పద్ధతి యొక్కటే. ఆ నేలపై బ్రతుకువానికే ఆ నేల తెలియునని ఆయన యెరుగును.

కాని ఇంతటితో ముగించినచో నేను సగము సత్యమే చెప్పినవాడనగుదును. జావా రైతు నెవరడిగిరి? ఒక పరదేశి పోయి వేరొక పరదేశి వచ్చుటకై వాని చేలు త్రొక్కబడెను. డచ్చివారి పక్షమున నిలువవద్దని స్నేహవాక్యములతో జావా రాజులకు లేఖలు పోయినవి గదా. మరుసటి యేడు 1812 జూన్ 20న అదే కుంపిణీ సైన్యము యోగ్యకర్త సుల్తాను కోటను బ్రద్దలుకొట్టి దోచుకొనెను. మెకంజీ దొరయు అందుండెను. సుల్తాను పుస్తకశాలలోని వ్రాతప్రతులు రాఫిల్సు, క్రాఫర్డు, మెకంజీ మొదలగువారి చేతులలో పడి సముద్రము దాటెను. తుదకు 1814నాటి ఒడంబడికనుబట్టి 1816లో జావా మరల డచ్చివారికే ఇచ్చివేయబడెను. ఇందరు చచ్చి గెలిచినది అయిదేండ్ల యేలుబడి.

ఆ వ్రాతప్రతులలో 75 టి ఛాయాప్రతులను 2019లో లండనులోని బ్రిటిషు గ్రంథాలయమువారు యోగ్యకర్త సుల్తానున కందజేసిరి. అసలు ప్రతులు లండనులోనే యున్నవి. రెండువందల యేండ్లకు తమ పూర్వుల వ్రాతలను తాము ఛాయగా చూచుకొనగలిగిరి.

మన కైఫియత్తుల సంగతి దీనికంటె కొంత మేలు. అవి దోపిడిలో పోయినవి కావు. మన కరణములు చెప్పగా, మన తెలుగు గుమాస్తాలు మన భాషలో వ్రాసినవి. వానిలో పెక్కింటిని తరువాత బ్రౌను దొర శ్రద్ధతో నకళ్ళు వ్రాయించెను. నేడు రాయలసీమ చరిత్ర వ్రాయువాడు వానిని చూడక ముందుకు పోలేడు. కాని ఆ కాలమున వానిని కోరినది ఒక ప్రభుత్వము. ఏ ఊరిలో నెన్ని చెరువులున్నవి, ఏ మాన్యమెవరిది, ఏ పాళెగానికెంత పలుకుబడియున్నది అను సంగతి చరిత్రకారునికెంత ముఖ్యమో, ఏలువానికిని, దండెత్తువానికిని అంత ముఖ్యము. మెకంజీలో జిజ్ఞాసువును సైనికుని వేరుచేయుట నా చేత కాలేదు. ఆయన కన్నొక్కటే, ఆ కన్ను పనిచేసిన కొలువు ఆయనది కాదు.

అందుచేత గ్రామపెద్దలకు నా మనవి యిది. ఎరుక కత్తివంటిది, దాని పిడి యెవరి చేతిలో నున్నదో చూచుకొనవలెను. మన ఊరి సంగతి పరులు వచ్చి అడిగి వ్రాసికొనువరకు మనము ఊరకుండుట తగదు. మీలో చదువు వచ్చినవారు పెక్కురున్నారు. ఒక నోటుపుస్తకము తీసికొనుడు. మీ ఊరి చెరువు, బావి, గుడి, మసీదు, జాతర, కరవు, వరద, పంట వీనిని గూర్చి మీరు కన్నది యొక పుటలో, పెద్దలవలన విన్నది యొక పుటలో, మీకు తెలియనిది యొక పుటలో వ్రాయుడు. మూడవ పుట ఖాళీగా విడువకుడు. అది చూచి మీ మనుమడు ఆ తెలియనిదానిని వెదకుటకు బయలుదేరును.

మెకంజీ 1821లో కలకత్తా దగ్గర చనిపోయెను. ఆయన దింపిన చిలిన్చింగ్ పల్లె నేడు జకర్తా మహానగరములో కలిసిపోయినది. కార్నెలిస్ కోట గోడలు పోయి అచ్చట వీధులు వెలసినవి. మన ఆదోని కొండమీద గోడలు కూలినను చెరువు మిగిలినది. ఆ వృద్ధుడు నాతో చెప్పిన మాట నాకిప్పుడు మరికొంచెము బాగుగా తెలియుచున్నది.